కొండకు నోటీసు

1981వ సంవత్సరం అక్టోబరు ఒకటో తేదీ ఉదయం ఆరు గంటల నుంచి, సోమందేపల్లెకు తూర్పున ఏడు మైళ్ల దూరంలో కొండ కింద ప్రశాంతత అమల్లోకి వచ్చిందని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అంతకు ముందు అక్కడ ప్రశాంతత లేదా అని గిట్టనివాళ్లు అడుగుతారు. ఉండేది. కానీ దానికి నంబరు లేదు, తేదీ లేదు, కింద ఎవరి సంతకమూ లేదు. అలాంటి ప్రశాంతతను నమ్ముకుని ఏ ప్రభుత్వమూ నడవదు. అందుకని రాజధానిలో, సినిమాహాలుకూ బస్టాండుకూ మధ్య ఉన్న ఒక మేడ మీద ప్రశాంత ప్రాంతాల విభాగం అని ఒకటి కొత్తగా పెట్టారు. ఆ విభాగంవాళ్లు పటం మీద వేలు పెట్టి చూస్తే వేలి కింద మన కొండ వచ్చింది.

కొండ పాదం చుట్టూ మూడు వేల ఎకరాలు. నల్లతుమ్మ, రేగికంప, బందారు పొదలు, అక్కడక్కడా సీతాఫలం చెట్లు. ఒక కుంట కూడా ఉంది. మూడేళ్లుగా అందులో నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఇకమీదట శబ్దం చేయరాదని చుట్టుపక్కల పదకొండు పల్లెల్లో జీపుకు రెండు మైకులు కట్టి మూడు రోజులు చాటించారు. ఆ మూడు రోజుల్లో కొండ మీది నెమళ్లు సగం పక్క తాలూకాకు వలసపోయాయి. మిగిలిన సగానికి చెవుడని అనుకోవాలి. ప్రచారం దిగ్విజయంగా జరిగిందని జీపు డ్రైవరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

తర్వాత బోర్డు వచ్చింది. 'కొండ పాద రక్షిత ప్రాంతము' అని రాయమని హిందూపురం పెయింటరుకు చెప్పారు. రేకు వెడల్పు చాలక అతను మొదటి వరసలో 'కొండ' అనీ, రెండో వరసలో 'పాదరక్షిత' అనీ, మూడో వరసలో 'ప్రాంతము' అనీ రాశాడు. చదువు వచ్చినవాళ్లు చదివి, రానివాళ్లకు అర్థం చెప్పారు. ఆ పొద్దు నుంచి ఆ దారిన పోయే ప్రతి మనిషీ బోర్డు దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడవడం మొదలుపెట్టాడు. లోపల పల్లేరుకాయలు దండిగా ఉన్నాయి. విడిచిన చెప్పులకు కాపలా కావలసి వచ్చింది, ఆ కాపలా కూడా ఓబుళేసు మీదే పడింది.

ఓబుళేసు అంటే ఆ అడవికి వాచరు. పదకొండేళ్లుగా టెంపరరీ. పదకొండేళ్లు ఒకేచోట నిలబడితే తుమ్మచెట్టును కూడా ఎవరూ టెంపరరీ అనరు. మనిషి సంగతి వేరు, మనిషికి ఉత్తర్వు కావాలి. ఖాకీ చొక్కా సొంతంగా కుట్టించుకున్నాడు. ప్యాంటుకు గుడ్డ చాలక కింద పంచె కట్టేవాడు. నడుముకు పైన ప్రభుత్వం, నడుముకు కింద రైతు అన్నమాట. ఆ కింది భాగానికి మూడెకరాల వేరుశనగ చేను ఉంది గానీ, ఆ చేను వానను చూసి అప్పటికి మూడేళ్లయింది.

ప్రశాంతతతోపాటు ఒక నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. రక్షిత ప్రాంతాల్లో ఇక టెంపరరీ వాచర్లు ఉండరు. పదేళ్లు దాటినవాళ్లను పర్మినెంటు చేస్తారు. అయితే వాళ్ల కాపలాలో ఒక్క కేసు కూడా తేలకుండా ఉండకూడదు. ఉంటే వాళ్ల సేవలు కృతజ్ఞతాపూర్వకంగా చాలించబడతాయి. వన్యప్రాణి వారోత్సవాల ఆఖరి రోజు, అంటే ఏడో తేదీన, విభాగం ప్రత్యేకాధికారిగారు స్వయంగా కొండ కిందికి దయచేసి, ప్రశాంతతను తనిఖీ చేసి, పర్మినెంటు ఉత్తర్వులు స్వహస్తాలతో ఇస్తారు. ఓబుళేసు పేరు జాబితాలో ఉంది. ఆ సంగతి విన్న రోజు అతని భార్య తిమ్మక్క ఇంట్లో ఉన్న బియ్యమంతా వండేసింది. మామూలు రోజుల్లో వాళ్లది రాగిసంగటి.

ఇక్కడ కొండగొర్రెల సంగతి చెప్పాలి. పేరులో గొర్రె ఉందని మోసపోవద్దు. అది జింక జాతి. మేకంత ఎత్తు, ఎండుగడ్డి రంగు, మగదానికి నాలుగు కొమ్ములు. ముందువి రెండూ బొటనవేలంత. మనిషి అలికిడైతే మాయమయ్యే జీవి. ఆ కొండలో అవి నాలుగే మిగిలాయి, పెద్దవి రెండు, పిల్లలు రెండు. కరువు ముదిరినప్పటి నుంచి ఓబుళేసు ఎవరికీ చెప్పకుండా రోజూ బిందెడు నీళ్లు మోసుకుపోయి బండ గుంతలో పోసి వచ్చేవాడు. తెల్లారి గుంత ఖాళీగా ఉంటే ఆ రోజంతా అతని మొహం వెలిగిపోయేది. ఉద్యోగం కోసం చేసిన పని కాదది. అవంటే అతనికి ప్రాణం.

విభాగంవాళ్లు 'కనిపించిన జీవుల పట్టిక' అని ఒక అచ్చు కాగితం పంపారు. అందులో పేరు, రకం, సంఖ్య అని మూడు గళ్లు. ఓబుళేసు అయిదో తరగతి చదివాడు, అక్షరాలు వేరుశనక్కాయలంత లావుగా రాస్తాడు. నెమలి, పక్షి, ఇరవై రెండు. కుందేలు, మృగం, తొమ్మిది. మూడో వరసలో ఎంతో సంబరంగా 'కొండగొర్రెలు' అని మొదలుపెట్టాడు. మాట పొడుగు, గడి చిన్నది. 'కొండ' పేరు గడిలో పడింది, 'గొర్రెలు' రకం గడిలో పడింది. మధ్యలో అచ్చు గీత నిలువుగా దిగింది. సంఖ్య నాలుగు అని వేసి, కాగితం మడిచి అటవీశాఖ రేంజి ఆఫీసుకు పంపాడు.

రేంజి ఆఫీసులో గుమాస్తా గంగాధరప్ప. ధర్మవరంలో తాతముత్తాతల నుంచి పట్టుచీరలు నేసిన ఇల్లు, పోగు తప్పితే ఇట్టే పట్టేసే కన్ను. ఆ కన్నుతో పట్టిక చూశాడు. పేరు: కొండ. రకం: గొర్రెలు. సంఖ్య: నాలుగు. కొండ అనే ఆసామి ఎవడో రక్షిత ప్రాంతంలో నాలుగు గొర్రెలను అక్రమంగా మేపుతున్నాడని క్షణంలో తేలిపోయింది. ఎర్ర పెన్సిలు తీసి చుట్టూ గీసి, పదిహేడో నంబరు కేసుగా కట్టాడు. సెలవు రోజైనా ఆగలేదు, కేసు కట్టిన తేదీ అక్టోబరు రెండు.

మూడో తేదీ పొద్దున్నే ఓబుళేసు బస్సు దిగి రేంజి ఆఫీసుకు వచ్చాడు.

"కేసంటాండారు ఏమన్నా. అవి గొర్రెలు కావు, కొండగొర్రెలు."

"నేనూ అదే కదప్పా రాసిండేది. కొండ గొర్రెలు. కొండవి కాకపోతే ఇంకెవురివి?"

"ఎవురివీ కావన్నా, అడివివి. జింక మాదిరి ఉంటాయి. నాలుగు కొమ్ములుంటాయి. మా నాయన కాలం నుంచీ వాటిని కొండగొర్రెలనే అంటాము."

గంగాధరప్ప చెడ్డవాడు కాదు. ఓబుళేసుకు టీ తెప్పించాడు. బీరువాలోంచి వన్యమృగాల అచ్చు జాబితా తీసి బల్ల మీద పరిచాడు. "ఇందులో నాలుగు కొమ్ముల జింక అని ఉండాది. కొండగొర్రె అని యాడుండాదో చూపించు."

"అదీ ఇదీ ఒకటేనన్నా."

"ఒకటే అనుకుందాం. నాలుగు కొమ్ముల జింకకు ఎదురుగా మన తాలూకాకు 'లేదు' అని వేసిండారు రాజధానిలో. ఇప్పుడు ఉండాది అంటే వాళ్లు రాసింది తప్పని అర్థం. ఆ మాట మీద ఎవురు సంతకం పెట్టల్ల?"

"నేను పెడతానన్నా."

"రాజధాని మాట మీద టెంపరరీ సంతకం చెల్లదప్పా."

పోనీ కొట్టేసి మళ్లీ రాస్తానన్నాడు ఓబుళేసు. కొట్టేస్తే అది తప్పుడు నివేదిక అవుతుంది, తప్పుడు నివేదికకు ఈ పొద్దే ఇంటికి పంపాల్సి వస్తుంది, కేసైతే ఏడో తేదీ దాకా గడువుంది కదా అని గంగాధరప్ప ఓపిగ్గా చెప్పాడు. మేలు కోరి దారి కూడా చూపించాడు. "ఆ కొండ ఎవుడో వాణ్ణి పట్టుకో. నోటీసియ్యి. ఇద్దరు సాక్షులతో మహజరు రాయించుకోని రా. పెద్దాయన వచ్చినప్పుడు ఒక్క మాటతో మూసేయిస్తా." నోటీసు కూడా తనే రాసిచ్చాడు. 'శ్రీ కొండ, తండ్రి పేరు తెలియదు, కొండకిందపల్లె' అని చిరునామా.

కొండకిందపల్లె ఆ కొండ కిందే ఉన్న పల్లె. పేరు పెట్టేటప్పుడు ఎవరూ ఎక్కువ ఆలోచించలేదు. పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడూ అంతే. కొండప్పలు ఏడుగురు, కొండన్నలు ముగ్గురు, కొండమ్మలు తొమ్మిదిమంది ఉన్నారు. వట్టి కొండ మాత్రం ఒక్కడూ లేడు. రెండు రోజులు ఓబుళేసు ఇల్లిల్లూ తిరిగాడు. పెద్ద కొండప్ప రేషన్ కార్డు తెచ్చి చూపించి, "అప్ప తీసేస్తే అది నేను కాదప్పా, నా భార్యను అడుగు" అన్నాడు. నడిపి కొండప్ప కొంచెం ఆలోచించి, "నేనే కొండనని ఒప్పుకుంటా. ఆ నాలుగు గొర్రెలు నాకిప్పిస్తారా?" అని అడిగాడు. ఇప్పించరని తెలిశాక తనూ కాదన్నాడు.

అయిదో తేదీ మధ్యాహ్నం ఓబుళేసు ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు. ఎల్లుండి ప్రత్యేకాధికారి వస్తాడు. కొండ దొరకలేదు. పదకొండేళ్లు గాలికి పోయేటట్టున్నాయి. తిమ్మక్క పొయ్యి మీద సంగటి కెలుకుతూ అంతా విన్నది. ఆమెకు ఒళ్లు మండింది.

"ఊర్లో ఏంటికి వెతుకుతాండావు? కొండంటే ఎవురికి తెలీదు. ఆడుండాది చూడు, వాకిట్లో నిలబడితే కనపడుతుంది. పోయి దానికే ఇయ్యిపో నీ నోటీసు."

ఆమె కోపంలో అన్నది. కానీ పదకొండేళ్లు టెంపరరీగా చేసినవాడికి ఏది తమాషానో ఏది ఉత్తర్వో తేడా తెలియదు. ఓబుళేసు తలెత్తి కొండను చూశాడు. నోటీసు తీసి మళ్లీ చదివాడు. పేరు సరిపోయింది. తండ్రి పేరు తెలియదు, అదీ సరిపోయింది. కొండకిందపల్లె చిరునామాకు కూడా పెద్ద అడ్డమేమీ కనిపించలేదు. ముద్దాయి తీసుకోకపోతే ఇంటికి అంటించవచ్చని నిబంధన ఉండనే ఉంది. గరిటెడు సంగటి ఆకులో వేయించుకుని, ఇద్దరు కొండప్పలను సాక్షులుగా వెంటబెట్టుకుని వెళ్లి, కొండ మొదట్లో నున్నటి బండకు నోటీసు అంటించి వచ్చాడు. సంగటి బాగా పట్టింది.

మహజరు ఇట్లా రాశాడు. 'ముద్దాయి కొండ తన నివాసస్థలములోనే ఉన్నాడు. నోటీసు చదివి వినిపించగా మౌనము వహించాడు. చేతితో తీసుకొననందున ఒంటికి అంటించడమైనది. ముద్దాయిని నేను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. ఎత్తు: చాలా.' ఇద్దరు కొండప్పలూ సంతోషంగా వేలిముద్రలు వేశారు, ఎందుకంటే కొండ వేరు తాము వేరు అని దాంతో రుజువైపోయింది. కింద ఓబుళేసు సంతకం పెట్టాడు. తప్పు చేస్తున్నాననే భయం లేదు, కేసు తెగిపోతుందనే సంతోషమే.

గంగాధరప్ప మహజరు చదివి ఒక్క లోపమే పట్టాడు. "ఎత్తు అంకెల్లో వేయల్లప్పా" అన్నాడు. గోడ మీది పటం చూసి రెండు వేల అడుగులని తనే వేశాడు. ముద్దాయి ఎత్తు రెండు వేల అడుగులని ఫైలులో ఎక్కింది. పెద్దాయన వస్తున్నాడు కనుక ఆ ఫైలు ఒక్క రోజులో పదహారు బల్లలు దాటింది, పదహారు చోట్లా చిన్న సంతకాలు పడ్డాయి. ఎవరికీ ఆ ముద్దాయిని తలెత్తి చూడాలనిపించలేదు. ఆఫీసు గదుల్లో తలెత్తితే ఫ్యాను కనిపిస్తుంది.

ఏడో తేదీ వచ్చింది. ప్రశాంతతను చూడటానికి ప్రత్యేకాధికారిగారు పదకొండు జీపులతో, ఒక అంబాసిడరు కారుతో దయచేశారు. దుమ్ము లేవకుండా ముందు ఒక ట్యాంకరు దారి పొడుగునా నీళ్లు చల్లుకుంటూ వచ్చింది. కొండకిందపల్లె ఆడవాళ్లు తాగేనీళ్లకు మూడు మైళ్లు నడుస్తారు. వాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు పక్కన నిలబడి ఆ నీళ్లను గౌరవంగా చూశారు. షామియానా వేశారు, మైకు కట్టారు, మైకుకు కరెంటు కావాలి కనుక ట్రాక్టరు మీద జనరేటరు తెచ్చారు. బోర్డు దగ్గర జనమంతా చెప్పులు విడుస్తుంటే చూసి, ఇక్కడి ఆచారమేమోనని ప్రత్యేకాధికారిగారు కూడా బూట్లు విప్పారు. పల్లేరుకాయల మీద ఆయన మునివేళ్లతో నడుస్తూ ఉంటే, మృగాలకు నిద్రాభంగం కలగకూడదని ఎంత జాగ్రత్తో అని జనం మెచ్చుకున్నారు. మర్నాడు పేపర్లో ఫోటో కింద అదే రాశారు.

పంచాయతీ సమితి అధ్యక్షుడు తిప్పేస్వామిగారు స్వాగతోపన్యాసం చేశారు. ఆయనకు హైవే పక్కన కంకర మిషను ఉంది, రోడ్డు వెడల్పు చేసే కంట్రాక్టూ ఆయనదే, కాబట్టి ప్రకృతి అంటే మొదటి నుంచీ మక్కువ. "సోదర సోదరీమణులారా, నిశ్శబ్దం అన్నది మాటలతో చెప్పేది కాదు. అందుకని దాన్ని గురించి నేను కొంచెం వివరంగా చెబుతాను" అని మొదలుపెట్టి గంటా పది నిమిషాలు వివరించారు. "ఈ కొండ మన పెద్దలు మనకిచ్చిన ఆస్తి. ఇది ఈ ఒక్క పల్లెకే పరిమితం కాకూడదు. దేశం నలుమూలలకూ అందాలని నా ఆకాంక్ష" అని ముగించారు. చప్పట్లు మోగాయి. వేదిక పక్కన నిలబడిన ఓబుళేసు కూడా కొట్టాడు. అతని చూపంతా ప్రత్యేకాధికారి ముందున్న ఇత్తడి తట్ట మీదే ఉంది. అందులో ఎర్ర దారం కట్టిన కాగితం మీద తన పేరు టైపు చేసి ఉంది.

కార్యక్రమంలో ఏడో అంశం 'ప్రశాంతతను ఆస్వాదించుట, రెండు నిమిషములు'. ఇప్పుడు నిశ్శబ్దం ప్రారంభమవుతుందని మైకులో ప్రకటించారు. అర నిమిషం గడిచిందని ప్రకటించారు. వెనకవైపు పిల్లతల్లులు ప్రశాంతతకు సహకరించాలని రెండుసార్లు విజ్ఞప్తి చేశారు. జనరేటరు మాత్రం మోగుతూనే ఉంది, అది ఆపితే మైకు పనిచేయదు, మైకు లేకపోతే నిశ్శబ్దమని జనానికి ఎట్లా తెలుస్తుంది? ఇంతలో జనరేటరులో డీజిలు అయిపోయింది.

అప్పుడు నిజంగానే అంతా సద్దుమణిగింది. బందారు పొదల్లో గాలి వినిపించింది. ట్యాంకరు కొళాయి నుంచి నీటిచుక్కలు మడుగులో పడుతున్న చప్పుడు వినిపించింది. నాలుగు రోజులుగా కేసు వెంట తిరిగిన ఓబుళేసు గుంతలో నీళ్లు పోయడం మరిచాడు. పొదలు కదిలి, మగ కొండగొర్రె బయటికి వచ్చింది. అంతమంది ఉన్నారని దానికి తెలుసు. దాహం భయాన్ని మించిపోయింది. నాలుగు కొమ్ముల తల వంచి మడుగులో నీళ్లు తాగింది. వెనక ఆకుల్లో మిగతా మూడూ నిలబడి ఉన్నాయి. చూసిన జనానికి ఊపిరాడలేదు.

"ఏమిటది?" అన్నారు ప్రత్యేకాధికారి మెల్లగా.

"కొండ..." అన్నాడు ఓబుళేసు. మాట అక్కడ ఆగింది. గుటక మింగి, "గొర్రె సార్" అన్నాడు.

పక్కనే ఉన్న గంగాధరప్ప ఫైలు తెరిచి, "పదిహేడో నంబరు కేసు సార్. నోటీసు కూడా ఇచ్చినాము" అని అందించాడు. ప్రత్యేకాధికారిగారి మొహం ఎర్రబడింది. కొమ్ములు నాలుగని ఆయనకు కనిపించలేదా అంటే కనిపించాయి. కానీ ఆ తాలూకాలో అలాంటి జంతువు లేదని సంతకం పెట్టింది ఆయనే. చదువుకున్నవాడు కంటిని నమ్మి సంతకాన్ని అనుమానించడు.

"నోటీసు ఇచ్చాక కూడా నా కళ్లెదుటే మేపుతున్నాడా? ఏం పొగరు వీడికి. ఈ కొండను ఇక్కడి నుంచి తక్షణం తొలగించండి. ఈ చుట్టుపక్కల మళ్లీ కనిపించకూడదు."

తిప్పేస్వామిగారు కుర్చీలో ముందుకు జరిగారు. "కొండను తీసేయల్లంటారా సార్?"

"ఆనవాలు కూడా ఉండకూడదు."

"అట్లే సార్. ఆ ఒక్క ముక్కా రాసియ్యండి, తతిమ్మా మేము చూసుకుంటాము."

ఒక్క మాట చెబితే చాలు. సార్, కొండ అంటే మనిషి కాదు, ఇదిగో మీ వెనక ఉన్నది అని ఓబుళేసు అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ మాట అంటే మహజరు అబద్ధమవుతుంది, సంతకం తనది, తట్టలో కాగితం తట్టలోనే ఉండిపోతుంది. ఆడవాళ్ల మధ్య తిమ్మక్క ఆ కాగితాన్నే చూస్తూ నిలబడి ఉంది. ఓబుళేసు నోరు మూసుకున్నాడు. ఆ రోజు కార్యక్రమం మొత్తంలో ఎవరైనా నిజంగా పాటించిన మౌనం అదొక్కటే. తొలగింపుతో కేసు తేలినట్టేనని ప్రత్యేకాధికారిగారు ఎర్ర దారం విప్పి ఉత్తర్వు అతని చేతికిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లకు కొండగొర్రెలు బెదిరి పారిపోయాయి.

ఉత్తర్వు లిఖితపూర్వకంగా వచ్చింది. 'కొండను రక్షిత ప్రాంతపు సరిహద్దు దాటించవలెను.' ఏ సైజు ముక్కలుగా అని అందులో లేదు. తిప్పేస్వామిగారు చట్టమంటే గౌరవమున్న మనిషి. ముద్దాయి పారిపోయే రకం కాకపోయినా ఆలస్యం చేయలేదు. మూడో రోజుకే రాళ్లు మోసే గమేళాలు, సమ్మెటలు, మందుగుండు వచ్చాయి. నోటీసు అంటించిన బండకే బెజ్జం వేసి మొదటి తూటా పెట్టారు. కొండ లారీల మీద సరిహద్దు దాటి హైవే చేరుకోవడం మొదలుపెట్టింది. ప్రశాంతతకు మాత్రం ఎక్కడా భంగం రానివ్వలేదు. లారీలకు 'హారను కొట్టరాదు' అని బోర్డులు కట్టారు. తూటా పేల్చే ముందు శబ్దం చేయరాదని మైకులో హెచ్చరించేవారు.

పల్లెలో ఎవరూ కాదనలేదు. కరువులో కూలి దొరికింది. కొండప్పలు ఏడుగురూ కొండన్నలు ముగ్గురూ కంకర కొట్టడానికి కుదిరారు. కొండమ్మలు గమేళాలు ఎత్తారు. ఓబుళేసుకు ప్రభుత్వం వారి ఖాకీ ప్యాంటు, ఈల, ఎర్ర జెండా ఇచ్చారు. తూటా పేలే ముందు ఈల ఊది జెండా ఊపడం పర్మినెంటు వాచరు విధి అయింది. అతను ఆ పని ఏ లోటూ లేకుండా చేశాడు. పని అయ్యాక బిందెడు నీళ్లు మోసుకుపోయి బండ గుంతలో పోసి వచ్చేవాడు. మొదటి వారం తెల్లారి చూస్తే నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. రెండో వారం వాటి మీద తెల్లగా రాతిపొడి తేలింది. మూడో వారం గుంత ఉన్న బండే లేదు. ఆ రోజు ఓబుళేసు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

"నాదే తప్పు. కొండకు ఇయ్యిపో అనింది నేనే" అన్నది తిమ్మక్క.

"నువ్వు తమాషాకు అంటివి. సంతకం పెట్టింది నేను."

"ఆ పొద్దు నువ్వు నోరు తెరిచింటే మనమూ కంకర కొడతాండేవాళ్లము."

"అవి బతికుండేవి కదే."

తిమ్మక్క లేచి సంగటి పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

పర్మినెంటు అయినందువల్ల ఒక మేలు జరిగింది. ఓబుళేసు సంతకం చెల్లుబాటు కావడం మొదలైంది. ఆ ధైర్యంతో నిజమంతా రాసి పైకి పంపాడు. 'కొండ అనువాడు లేడు. నేను రాసినది కొండగొర్రె. అది నాలుగు కొమ్ముల జింక. అవి మన కొండలో నాలుగు ఉండేవి.' ఈసారి కొండగొర్రె అనే మాటను మధ్యలో వెంట్రుక కూడా దూరకుండా కలిపి రాశాడు. పద్నాలుగు నెలలకు జవాబు వచ్చింది. 'మీరు ప్రస్తావించిన కొండ అను వ్యక్తి ప్రస్తుతము ఆ ప్రాంతములో లేడని స్థానిక విచారణలో తేలినది. కావున అతని గొర్రెల విషయము మా పరిధిలోనికి రాదు. ఈ సంవత్సరము ఒక్క కేసు కూడా లేనందున మీ ప్రాంతము ఉత్తమ ప్రశాంత ప్రాంతముగా ఎంపికైనది. అభినందనలు.' గంగాధరప్ప ఆ జవాబును ఫైలులో కుట్టి, పదిహేడో నంబరు కేసు మూసేశాడు.

మొన్న మీరు బెంగుళూరు వెళ్లారు, పెండ్లి బట్టలకో కంటి ఆస్పత్రికో. పెనుకొండ దాకా బస్సు మిమ్మల్ని చేటలో బియ్యంలా ఎగరేసింది. సోమందేపల్లె దగ్గర పడేసరికి కుదుపు ఆగింది. మీరు కిటికీ కమ్మీ వదిలి, ఒళ్లు విరుచుకుని, "ఎవురేమన్నా అనుకోనీ, ఈడ రోడ్డు మాత్రం బాగా వేసినారప్పా" అన్నారు. పక్క సీటాయన ఔనన్నాడు. వెనక సీట్లో ఖాకీ బట్టల మనిషి ఒకడు కిటికీలోంచి తూర్పుకు చూస్తూ కూర్చున్నాడు. అటువైపు ఆకాశం తప్ప చూడటానికి ఏమీ లేదు. మీకు మాట్లాడే ఉత్సాహం వచ్చి అతన్ని కూడా అడిగారు.

"ఏమన్నా, బాగుండాదా లేదా రోడ్డు?"

అతను మీవైపు తిరిగాడు. "బాగుండాది సార్. మా కొండ కదా" అన్నాడు.

కొండ అంటే ఎవరో మేస్త్రీ అనుకున్నారు మీరు. మంచి పనోడప్పా అని మెచ్చుకుని, కండువా తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయారు.